రెండో సీటులో కూర్చున్నదెవరు

నాకు తెలుసు అని నేను చెప్పే మాటల్లో నిజంగా నాకు తెలిసినవి ఎన్ని?

ఈ ప్రశ్న ఏ గ్రంథమో చదువుతూ వేసుకున్నది కాదు. గ్రంథాలు చదువుతూ వేసుకునే ప్రశ్నలతో ఒక సౌకర్యం ఉంది. పుస్తకం మూస్తే అవీ మూసుకుంటాయి. ఇది మూసుకోలేదు. ఒక వానాకాలమంతా నా వెంట బడికి వచ్చింది, నా వెంటే ఇంటికి వచ్చింది, చివరికి మా అమ్మ ముందు కూర్చుంది.

నేను తొమ్మిదో తరగతికి చరిత్ర చెబుతాను. చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఒక్క ఏళ్ళు. ఆ ఏడు బడి తెరిచిన వారంలోనే, వారానికి రెండు పీరియడ్లు పాఠ్యపుస్తకం పక్కన పెట్టి పిల్లలను కంప్యూటర్ గదికి తీసుకువెళ్ళాలని నిశ్చయించుకున్నాను. వాళ్ళు ఫోన్లలో చూసినదంతా నమ్ముతున్నారని కాదు. అంతకంటే చిక్కైన స్థితి అది. ఏదీ నమ్మకుండానే అన్నీ పంచుకుంటున్నారు. అందుకని బోర్డు మీద నాలుగు ప్రశ్నలు రాశాను. ఎవరు చెప్పారు? వాళ్ళకెలా తెలుసు? ఎప్పుడు చెప్పారు? వీళ్ళను చూడకుండా ఇంకెవరైనా అదే మాట చెప్పారా?

"ప్రాణమంతా నాలుగోదానిలో ఉంది," అన్నాను. "సాక్షులను లెక్కపెట్టండి. ప్రతిధ్వనులను కాదు."

రెండో బెంచీలోంచి ఒక చెయ్యి లేచింది. ఆ అమ్మాయిని తరగతిలో అందరూ 'ఖాయమా' అని పిలుస్తారు. ఏది చెప్పినా "ఖాయమా సార్?" అని అడుగుతుంది కనుక ఆ పేరు పడింది.

"ఈ నాలుగు ప్రశ్నలూ మీరు చెప్పినవాటికి కూడా వెయ్యొచ్చా సార్?"

"ముందు నాకే వెయ్యి," అన్నాను. ఆ మాట చాలా ధీమాగా అన్నాను.

ఆ మర్నాడే హెడ్‌మాస్టరు నన్ను గదికి పిలిపించారు. మా పట్టణాన్ని వరద ముంచి ఆ ఏటికి నలభై ఏళ్ళు. పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజి భవనాన్ని పట్టణ సభ బాగుచేయించి పఠనాలయం చేసింది. దాని గోడకు ఒక శిలాఫలకం పెడతారట. ఫలకం మీది రాత మా బడికి అప్పగించారు. సభవారి ఉత్తరంలో ఒక వాక్యం కింద హెడ్‌మాస్టరు ఎర్ర సిరాతో గీత గీశారు: 'రాతలోని విషయానికి పాఠశాల చరిత్ర ఉపాధ్యాయులు బాధ్యులు.'

"మీ అమ్మగారి సంగతే కదా మాస్టారూ," అన్నారాయన. "మీరు కళ్ళు మూసుకుని రాసెయ్యొచ్చు."

"పిల్లలతో రాయిస్తాను సార్. కళ్ళు తెరిపించి."

ఆయన నవ్వారు. నేనూ నవ్వాను.

మా అమ్మ సంగతి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఆ రోజుల్లో ఫోన్ చేయాలంటే ఎక్స్ఛేంజిలో ఒక మనిషి తీగ తీసి బోర్డులోని గుంటలో గుచ్చి రెండు ఇళ్ళను కలపాలి. అమ్మ ఆ పని చేసేది. బోర్డు ముందు ఆమెది రెండో సీటు. వరద రోజున తెల్లవారుజామునే నీళ్ళు భవనం మెట్లెక్కాయి. మిగతావాళ్ళు వెళ్ళిపోయారు. రెండో సీటు మాత్రం మధ్యాహ్నం దాకా కదలకుండా ఏటి ఒడ్డు పేటలో ఫోన్లున్న ఇంటింటినీ పిలిచి, పక్కవాళ్ళ తలుపులు కూడా కొట్టండి, పైకి వెళ్ళండి అని చెప్పింది. పేట మునిగింది. మనుషులు బతికారు. మూడో రోజు పత్రికలో అమ్మ పేరు వచ్చింది. ఆ నెలాఖరుకు శాఖవారి ప్రశంసాపత్రం వచ్చింది. మా ముందుగదిలో అది ఇప్పటికీ ఉంది.

మూడో వారం కంప్యూటర్ గదిలో పన్నెండు యంత్రాల ముందు ముప్పై ఎనిమిది మంది ఇరుక్కుని కూర్చున్నారు. వరద రోజు గురించి ఎక్కడెక్కడ ఏముందో వెతకమన్నాను. అరగంటకు క్లాసు లీడరు కుర్రాడు లేచి నిలబడ్డాడు.

"పదిహేడు సార్! పదిహేడు చోట్ల ఉంది బామ్మగారి గురించి. అందరూ ఒకటే చెబుతున్నారు."

"ఖాయమా?" అని ఎవరో గొంతు అనుకరించారు. గది ఘొల్లుమంది.

ఖాయమా నవ్వలేదు. తెల్లకాగితం మీద పదిహేడు పేజీలనూ తేదీల వరుసలో రాసుకుంది. "పదిహేడు కాదు సార్. అన్నిట్లోనూ మూడు వందల ఇళ్ళకు ఫోన్ చేశారని ఉంది. అన్నిట్లోనూ 'నీరు పాదాలను తాకినా ఆమె చేతిలోని తీగ వదలలేదు' అని ఉంది. పదిహేడు మంది ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ఒకే వాక్యం రాస్తారా?"

"రాయరు."

"వెనక్కి వెళ్తే ఒక్కటే మిగిలింది. మిగతా పదహారూ దాని పిల్లలే."

"శభాష్. ఆ ఒక్కటి ఎవరిది?"

ఆమె కాగితం వైపు చూసింది, నా వైపు చూసింది. "పదకొండేళ్ళ కిందటి వ్యాసం సార్. కింద మీ పేరుంది."

గదిలో లేచిన అరుపుకు పక్క తరగతి టీచరు తలుపు తీసి చూసింది. నేను మనస్ఫూర్తిగా నవ్వాను. నేర్పిన విద్య ఇంత త్వరగా చేతికి అంది వస్తుందనుకోలేదు. బోర్డు మీద పదిహేడు అని రాసి, కొట్టేసి, ఒకటి వేశాను.

"మరి మూడు వందలు ఎక్కడిది సార్?"

"పత్రికలో ఉండాలి. రేపు తెస్తాను."

మర్నాడు పత్రిక ముక్క తెచ్చి చదివాను. 'అనేక గృహములకు' అని ఉంది. మూడు వందలు లేదు. తీగ వదలకపోవడం కూడా లేదు. ముప్పై ఎనిమిది మంది నా మొహమే చూస్తున్నారు.

"ఆ అంకె నేనే వేశాను," అన్నాను. "రాసేటప్పుడు వాక్యానికి బాగా నప్పింది."

ఖాయమా నోటుబుక్కులో ఏదో గీకుతోంది.

"ఏం రాస్తున్నావ్?"

"రెండో ప్రశ్నకి జవాబు సార్. వాళ్ళకెలా తెలుసు అన్నచోట 'నప్పింది' అని రాశా."

ఇంటికి వెళ్ళి ఈ సంగతి చెబితే నా భార్య పొట్ట పట్టుకుని నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. ఒక క్షణం ఆలస్యంగా నవ్వింది. ఆ క్షణాన్ని నేను ఆ రోజు గమనించాను. దానికి ఏ ప్రశ్నా వేయలేదు.

ఇంకో పది రోజులకు, ఆఖరి గంట కొట్టాక, ఖాయమా తరగతి గదిలోనే ఉండిపోయింది. మిగతావాళ్ళ గొడుగులు గేటు దాటేదాకా ఆగింది. అప్పుడు ఒక అచ్చు కాగితం నా బల్ల మీద పెట్టింది. పాత గెజిట్లను స్కాన్ చేసి నెట్‌లో ఉంచిన గ్రంథాలయం ఒకటి ఉంది. ఫలకంతోపాటు అమ్మ ఉద్యోగ వివరాలు చిన్న చట్రంలో రాసి పెడదామని, ఆమె పేరు అందులో వెతికిందట. టెలిఫోన్ శాఖ సూపర్‌వైజరు పరీక్ష ఫలితాలు. ఉత్తీర్ణులైనవారిలో మూడో పేరు అమ్మది. పైన, పరీక్ష జరిగిన చోటు. బస్సులో అయిదు గంటల దూరంలోని నగరం. పరీక్ష రెండు రోజులు జరిగింది. రెండో రోజు, వరద రోజు.

"అందరి ముందూ చెప్పబుద్ధి కాలేదు సార్."

ఆ తేదీని మళ్ళీ చదివాను. అయినా నేను ఉపాధ్యాయుణ్ణి. "పరీక్ష వాయిదా పడి ఉండొచ్చు. పాత తేదీయే అచ్చయి ఉండొచ్చు."

"ఉండొచ్చు సార్."

"ఒక్క కాగితంతో ఏదీ తేలదు."

"పత్రిక కూడా ఒక్క కాగితమే కదా సార్."

ఆమె పుస్తకాల సంచీ భుజానికి తగిలించుకుంది. గుమ్మం దగ్గర ఆగి, నాకు సాయం చేస్తున్నట్టుగా అంది: "బామ్మగారు మీ ఇంట్లోనే ఉన్నారు కదా సార్. అడగొచ్చు కదా?"

అమ్మ ఆ ఏడు ఆ పరీక్ష పాసయిందని నాకు తెలుసు. అమ్మ ఆ ఏడు వరద రోజున బోర్డు ముందు కూర్చుందనీ నాకు తెలుసు. ఈ రెండు తేదీలను నేను ఏనాడూ పక్కపక్కన పెట్టలేదు. చరిత్ర చెప్పేవాడు చేయవలసిన మొదటి పని అదే.

పైగా నాకొక జ్ఞాపకం ఉంది. అప్పుడు నాకు అయిదేళ్ళు. గట్టు మీద పెద్దమ్మ ఇంట్లో ఉన్నాను. ఆ సాయంత్రం అమ్మ వచ్చింది. తడిసిన జుట్టు, చెవి చుట్టూ హెడ్‌సెట్ ఒత్తిన ఎర్రటి గుర్తు, నన్ను ఎత్తుకుంటే ముక్కుకు తగిలిన తడి ఉన్ని వాసన. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది? ఇంటికి నడుస్తూ ఆ జ్ఞాపకానికి నా నాలుగు ప్రశ్నలూ వేశాను. చెవి మీది గుర్తు ఆమెకు రోజూ ఉండేది. జుట్టు ప్రతి వానాకాలం తడిసేది. పెద్దమ్మ ఇంట్లో నన్ను వదలని వారం లేదు. ఎన్నో సాయంత్రాల నుంచి తలా ఒక ముక్క తీసుకుని నేను ఒక సాయంత్రం కుట్టుకున్నాను. దానికి తేదీ పత్రిక ఇచ్చింది.

"మొహం అలా వేలాడేసుకుని వచ్చారేంటి?" అంది నా భార్య. "పిల్లలు ఫెయిలయ్యారా?"

"పాసయ్యారు. అదే వచ్చిన చిక్కు."

కాగితం చూపించాను. ఆమె రెండుసార్లు చదివింది. "అత్తయ్యని మీరు అడక్కండి," అంది. "మీరడిగితే మీక్కావలసిన జవాబే వస్తుంది. పిల్లల్ని అడగనివ్వండి."

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురు వచ్చారు. క్లాసు లీడరు ఫోన్‌లో రికార్డింగు పెట్టి బల్ల మీద ఉంచాడు. ఇంకో అమ్మాయి రాసుకోవడానికి. అడగడం ఖాయమా వంతు. అమ్మ ఊరికే కూర్చుని మాట్లాడే మనిషి కాదు. చేతికి పని లేకపోతే ఆమెకు మాట రాదు. ఇస్త్రీ బల్ల ముందు నిలబడి నా చొక్కాలు ముందేసుకుంది.

"ఏంటమ్మాయ్, మీ సారు మిమ్మల్ని పోలీసులుగా తయారు చేస్తున్నాడా?"

"లేదు బామ్మగారూ. పోలీసులకి ముందే అనుమానం ఉంటుంది. మాకు ఉండకూడదన్నారు."

అమ్మకు ఆ జవాబు నచ్చింది. కాలరు మీద నీళ్ళు చిలకరించింది.

నేను వాళ్ళకు ప్రశ్నల జాబితా రాసిచ్చాను. అందులో మొదటిది, వరద రోజున ఎక్స్ఛేంజిలో ఏం జరిగింది అని. ఖాయమా జాబితా చూసి, మడిచి, నోటుబుక్కులో పెట్టేసింది. ప్రశ్నలో జవాబు పెట్టకూడదని వాళ్ళకు చెప్పినవాణ్ణి నేను. ఆ మొదటి ప్రశ్నలో ఎక్స్ఛేంజి అన్న మాట ఉంది.

"బామ్మగారూ, ఆ రోజు పొద్దున మీరు ఏ గదిలో నిద్ర లేచారు?"

ఇస్త్రీపెట్టె చేతి మడత దాకా వెళ్ళింది. అమ్మ దాన్ని నిలబెట్టింది. చొక్కా తిరగేసింది.

"కిటికీ లేని గది," అంది. "బస్టాండు వెనకాల. రెండు మంచాలు, నలుగురం. పరీక్షకి వచ్చిన ఆడవాళ్ళం. వాన పడుతోందని కూడా తెలీలేదు మాకు. నీళ్ళ పంపు అనుకున్నాం ఆ చప్పుడు."

ఇస్త్రీపెట్టె మళ్ళీ అందుకుంది. రెండో చెయ్యి మొదలుపెట్టింది.

ఆ తరువాత ఎవరూ ఏమీ అడగవలసిన పని లేకపోయింది. పరీక్షకు సెలవు అడిగితే మనుషులు చాలరని సూపర్‌వైజరు ఇవ్వలేదు. మూడో సీటులో కూర్చునే ఆమెకు ఆ రెండు రోజులూ సెలవు. ఎక్స్ఛేంజిలో ఆడవాళ్ళు ఒకరి పని ఒకరు చేసి పెట్టుకునే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. కూర్చున్నవాళ్ళు కూర్చోవలసినవాళ్ళ పేరుతో సంతకం పెడతారు. రిజిస్టరు ఎప్పుడూ శుభ్రంగా ఉంటుంది. అలా మూడో సీటు వచ్చి రెండో సీటులో కూర్చుంది, అమ్మ పేరు రాసింది. వరద తరువాత పత్రికవాడు వచ్చి ఎవరని అడిగాడు. పై అధికారి రిజిస్టరు తీసి చదివాడు. అమ్మ నాలుగో రోజు, దారులు తెరిచాక, ఇంటికి వచ్చేటప్పటికి ఊరంతా ఆమెకు దండం పెడుతోంది.

"చెప్పలేదా బామ్మగారూ?" అన్నాడు క్లాసు లీడరు.

"చెబుదామనే వెళ్ళాను. 'నోరు మెదిపావంటే ఇద్దరం ఇంట్లో కూర్చుంటాం' అంది మూడో సీటు. దొంగ సంతకం దానిది, దొంగ సెలవు నాది. మొదట భయం. తర్వాత అలవాటు." అమ్మ చొక్కా మడిచి నా ముందు పెట్టింది. "ఆ తర్వాత నువ్వు రాశావు. కొడుకు రాసినదాన్ని కొట్టెయ్యడానికి నాకు చెయ్యి రాలేదురా."

"ఆవిడ చదివారా?" అన్నాను.

"చదవకేం. ఫోన్ చేసింది. 'నీ కొడుకు బాగా రాశాడే' అంది. మళ్ళీ చెయ్యలేదు. పదకొండేళ్ళు."

రికార్డింగు నడుస్తూనే ఉంది. క్లాసు లీడరు ఆపాలా వద్దా అన్నట్టు నా వైపు చూశాడు. అమ్మే వాడికి చెప్పింది: "ఉండనీ నాయనా. రేపు సాయంత్రం నన్ను దాని దగ్గరికి తీసుకెళ్ళమని కూడా ఎక్కనీ. మళ్ళీ మీ సారు మర్చిపోతాడు."

మర్నాడు సాయంత్రం అమ్మనూ ఖాయమానూ వెంటబెట్టుకుని వెళ్ళాను. మూడో సీటు పిన్ని ఏటి అవతల, రెండంతస్తుల మేడలో పైవాటాలో ఉంటుంది. తలుపు తీసి అమ్మను పైనుంచి కిందికి చూసింది.

"ఏమే రెండో సీటూ, దారి తప్పావా?"

"తప్పి చాలా రోజులైంది. జరుగు, కూర్చోవాలి. నీ మెట్లు నన్ను చంపేశాయి."

"ఈ పక్క కూర్చో. ఆ చెవి డిపార్ట్‌మెంటుకి ఇచ్చేశా, వినపడదు." నన్ను చూసింది. "వీడేనా రచయిత?"

"నేనే పిన్నీ."

"నీరు పాదాలను తాకినా!" అంది. నా వాక్యం ఆమెకు కంఠతా వచ్చు. "పాదాలేంటి అబ్బాయ్, మాది పై అంతస్తు. నీళ్ళు మెట్ల దగ్గరే ఆగాయి. నా పాదాలు శుభ్రంగా చెప్పుల్లో ఉన్నాయి."

ఖాయమా పకపకా నవ్వింది. పిన్ని ఆమె వైపు తిరిగింది. "ఈ పిల్ల ఎవరు?"

"పట్టుకున్నది తనే," అంది అమ్మ. "నలభై ఏళ్ళు ఏ అధికారీ పట్టుకోలేదు. తొమ్మిదో తరగతి పట్టుకుంది."

అక్కడి నుంచి గంటసేపు ఖాయమా అడిగింది, పిన్ని చెప్పింది. ఎగువ ఆనకట్ట నుంచి మొదటి కబురు ఎన్నింటికి వచ్చింది, బోర్డులో ఏ వరుస తీగలు ఏటి ఒడ్డు పేటవి, ఎవరు విసుక్కున్నారు, ఎవరు ఫోన్ పెట్టేస్తే మళ్ళీ చేసింది. నేను మూలన కూర్చున్నాను. నేను రాసిన వ్యాసంలో ఉన్నవి ఇక్కడ లేవు. ఇక్కడ ఉన్నవి అక్కడ లేవు.

"అందరూ వెళ్ళిపోయాక మీరెందుకు ఉండిపోయారు?" అని ఖాయమా అడిగింది.

పిన్ని చీకాకు పడ్డట్టు కొంగు సర్దుకుంది.

"ఎందుకుంటారు ఎవరైనా? లేచి వెళ్ళిపోదామనే ఉంది. కానీ పుస్తకంలో ఉన్న పేరు నాది కాదు కదమ్మా. నేను లేస్తే, రెండో సీటు డ్యూటీ వదిలి పారిపోయిందని రాస్తారు. ఇది అక్కడ పరీక్ష రాస్తోంది, ఇక్కడ దీని ఉద్యోగం ఊడుతుంది. నా పేరయితే ఎప్పుడో మెట్లు దిగేదాన్ని." అమ్మ మోకాలి మీద ఒకటి చరిచింది. "కూర్చున్నదాన్ని ఊరికే కూర్చోలేక ఫోన్లు చేశా. అంతే. పెద్ద గొప్పేం లేదు."

అమ్మ తల వంచుకుంది. ఆ మాట ఆమె కూడా అప్పుడే విన్నదని నాకు అర్థమైంది.

ధైర్యం అంటే ఏమిటని నేను చాలా పుస్తకాల్లో చదివాను. అది ఎదుటివారి పేరును పాడుచేయకుండా కుర్చీలో కూర్చుని ఉండటం అని ఎవరూ రాయగా చదవలేదు.

"ఫలకం మీద మీ పేరు ఉండాలి పిన్నీ," అన్నాను.

"వద్దు. ఇప్పుడు నేను రాయెక్కితే ఇది దొంగవుతుంది."

"దొంగనే," అంది అమ్మ. "సెలవు దొంగని. రాయించరా. నేను పరీక్షకి వెళ్ళానని కూడా రాయించు. పాసయ్యాను, సిగ్గేంటి?"

పిన్ని నా వైపు తిరిగింది. "రాసుకొచ్చి చూపించండి," అంది. "చూసి చెప్తా. ఈసారి వాక్యాలు నప్పించకు అబ్బాయ్."

పిల్లలు మూడు రోజులు కొట్టుకుని నాలుగు వాక్యాలు రాశారు. మొదటిదానిలో పిన్ని పూర్తి పేరు. రెండోదానిలో అమ్మ పేరు, ఎవరి సీటులో ఎవరు, ఎందుకు అన్నది. పిన్ని కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. 'వంద ఇళ్ళకు పైగా' అన్నచోట వేలు పెట్టింది. "అరవై రెండు. నేను లెక్కపెట్టుకున్నా." ఖాయమా దిద్దింది. పిన్ని కింద సంతకం చేసింది. ఈసారి తన పేరుతో.

శుక్రవారం మధ్యాహ్నం ఆ కాగితం హెడ్‌మాస్టరు బల్ల మీద ఉంది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. గెజిటు కాపీ, రికార్డింగు పాఠం, అన్నీ చదివారు. ఆయన చెడ్డ మనిషి కాదు. అలసిపోయిన మనిషి.

"మాస్టారూ, ఆహ్వానాలు అచ్చయ్యాయి. మీ అమ్మగారి పేరుతో. సభవాళ్ళు ఊరంతా చెప్పేశారు. మేస్త్రి సాయంత్రం నాలుగింటికి చెక్కుడు మొదలుపెడతాడు."

"తెలుసు సార్."

"ఒక ఉపాయం చెప్పనా?" ఇంకో కాగితం నా వైపు జరిపారు. చక్కటి దస్తూరీ. 'వరదనాడు ఒక టెలిఫోన్ ఉద్యోగిని ఇక్కడ తన స్థానమును వీడక ప్రజలను కాపాడెను.' "ఎవరి పేరూ లేదు. ఇందులో అబద్ధం ఉందా చెప్పండి?"

"లేదు."

"మీ అమ్మగారికీ ఇబ్బంది లేదు. మీ వ్యాసానికీ ఇబ్బంది లేదు. ఆ పాత రాత మెల్లగా తీసేయండి, ఎవరు చూస్తారు? పిల్లలకి మంచి మార్కులు వెయ్యండి. సంతకం ఒక్కటి పెట్టండి, నేను పంపించేస్తా."

ఆయన కలం నా ముందు పెట్టారు. గోడ గడియారం మూడూ ముప్పావు చూపిస్తోంది.

నిజాయితీగా చెప్పాలంటే ఆ వాక్యం నాకు నచ్చింది. అందులో ఒక్క అక్షరం తప్పు లేదు. పదకొండేళ్ళ కిందట నేను రాసినదానికంటే అది వెయ్యి రెట్లు శుద్ధమైనది. అమ్మ తల ఎత్తుకుని ఉంటుంది, నేనూ ఉంటాను. ఆలోచిస్తూ, ఆ వాక్యానికి మొదటి ప్రశ్న వేశాను. ఎవరు? ఆ ప్రశ్న పుట్టకుండా ఉండటానికే ఆ వాక్యం కట్టారు. నా పాత వాక్యం తప్పు చెప్పింది. ఇది అడగవద్దని చెబుతోంది. తప్పు చెప్పినదాన్ని తొమ్మిదో తరగతి పట్టుకోగలిగింది. దీన్ని ఏ తరగతీ పట్టుకోలేదు.

"రాతకు బాధ్యత ఎవరిదని ఉంది సార్ ఉత్తరంలో?"

ఆయన నిట్టూర్చారు. "నేనే గీత గీశాను కదయ్యా."

"అయితే నేనే పట్టుకెళ్తాను."

"సభవాళ్ళు నన్ను అడుగుతారు."

"నా దగ్గరికి పంపండి. ఖాయమాని కూర్చోబెడతాను."

ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ నవ్వు సమ్మతి కాదు. అలాగని అడ్డూ కాదు. పిల్లల కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటకు నడిచాను.

రాతి పని చేసే మేస్త్రి కార్ఖానా బడికి రెండు వీధుల అవతల. వాన సన్నగా పడుతోంది. రేకుల కింద నల్లరాయి పలక బల్ల మీద పడుకోబెట్టి ఉంది. ఆహ్వానంలో ఉన్నట్టే సుద్దతో అమ్మ పేరు గీసి ఉంది, జానెడు ఎత్తు అక్షరాల్లో. అందంగా గీశాడు. నేను ఒక క్షణం చూశాను. మేస్త్రి ఉలి పదును పెట్టుకుంటున్నాడు.

"సమయానికొచ్చారు సారూ. చెక్కెయ్యనా?"

"రాత మారింది."

కాగితం ఇచ్చాను. అతను పెదవులు కదుపుతూ నాలుగు వాక్యాలూ చదివాడు, మళ్ళీ చదివాడు. "ఇది ఇందాకటి పేరు కాదే?"

"కాదు."

"రాయి మీద ఒకసారి కొడితే మళ్ళీ దిద్దడం ఉండదు సారూ. తర్వాత ఎవరైనా అడిగితే, ఎవరి మాట మీద మార్చానని చెప్పాలి?"

అతని చెవి మీదున్న పెన్సిలు తీసుకుని, పిన్ని సంతకం కింద నా పేరు రాశాను. తేదీ వేశాను.

"నా మాట మీద," అన్నాను. "చెరిపేయండి."

మేస్త్రి పక్కనున్న బకెట్టులో గుడ్డ ముంచి, పిండి, పలక మీద ఆ చివరి నుంచి ఈ చివరికి తుడిచాడు.